పదో తరగతి పరీక్షకు సాఫ్ట్‌వేర్: రాజాం వాడల పిల్లలకు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు

2022 జూన్ 6న ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాలు వచ్చాయి. పరీక్ష రాసిన 6,15,908 మందిలో పాసైంది 4,14,281 మంది. శాతంలో చెప్తే 67.26. రెండు లక్షల మందికి పైగా పిల్లలు తప్పారు. కరోనా వల్ల అంతకు ముందు రెండేళ్లు, 2020లోనూ 2021లోనూ, పరీక్షలు రద్దయి అందరూ పాసయ్యారు. బడి మూతపడిన కాలంలో పిల్లలు ఎంత నష్టపోయారో ఆ జూన్‌లో గానీ లెక్క తేలలేదు.

సరిగ్గా పది రోజులకు, జూన్ 16న, రాష్ట్ర ప్రభుత్వం బైజూస్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. ప్రభుత్వ బడుల్లో 4 నుంచి 10వ తరగతి వరకు చదివే పిల్లలకు ఆ కంపెనీ వీడియో పాఠాలు ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. అదే ఏడాది డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షల 18 వేలకు పైగా ట్యాబ్‌లు. ఖర్చు దాదాపు 686 కోట్ల రూపాయలు. మరుసటి ఏడాది అదే తేదీన ఇంకో విడత ఇచ్చారు.

ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం బడిలోనే ఉంది. ట్యాబ్, ఇంటరాక్టివ్ ప్యానెల్, యాప్, క్విజ్, డ్యాష్‌బోర్డ్ అంటూ ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. కాబట్టి దాన్ని పొగడ్డం, తిట్టడం పక్కన పెట్టి, అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం మనకు అవసరం. మన వాడ పిల్లకు పరీక్షలో మార్కు తెచ్చేది ఏది, ఆమె సాయంత్రాన్ని మింగేసేది ఏది? ఈ వ్యాసం ఆ తేడా గురించి.

రాజాం నుంచి చూస్తే

రాజాం 2009 ఎన్నికల నుంచి ఎస్సీలకు రిజర్వు అయిన అసెంబ్లీ స్థానం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు మారింది. పట్టణంలో 1997లో పెట్టిన జీఎంఆర్ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. చిలకపాలెం రోడ్డు పట్టుకుని ఎచ్చెర్ల వైపు వెళితే అంబేడ్కర్ పేరు మీద ఉన్న విశ్వవిద్యాలయం, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ వస్తాయి. అంటే చదువు కనుచూపు మేరలోనే ఉంది. అక్కడికి చేర్చే మెట్లలో మొదటిది పదో తరగతి పరీక్ష.

ఉత్తరాంధ్ర మాల, మాదిగ, రెల్లి వాడల్లో చాలా ఇళ్లకు వలస కొత్త కాదు. అమ్మానాన్న హైదరాబాదో చెన్నైయో విశాఖో కట్టుబడి పనికి వెళితే పిల్లలు నానమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉంటారు. ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోనూ పనికి వెళ్లిన వాళ్లతోనే వెళుతుంది. దేశవ్యాప్తంగా 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 14.9 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగిన మాట నిజమే. కానీ ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, చదువుకునే వేళకు అది పిల్ల చేతిలో ఉండటం వేరు.

మార్కుల మీద ఏం ఆధారపడి ఉంది

ఇక్కడ రెండు పరీక్షల గురించి మాట్లాడుకుందాం.

మొదటిది పదో తరగతి పబ్లిక్ పరీక్ష. 600 మార్కులు. ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీల్లో సీట్లు ప్రవేశ పరీక్షతో కాక, మామూలుగా ఈ మార్కుల మెరిట్ మీదనే ఇస్తారు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, ఇలా నాలుగు క్యాంపస్‌లు. ఆరేళ్ల చదువు, ఇంటర్ నుంచి బీటెక్ దాకా ఒకేచోట. జిల్లా పరిషత్, మున్సిపల్ వంటి హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు వెనుకబాటు కింద 4 శాతం అదనంగా కలుపుతారు. ఎస్సీ రిజర్వేషన్ దీనికి తోడు. రాజాం పక్క పల్లె నుంచి జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివిన దళిత అమ్మాయికి కోచింగ్ ఫీజు కట్టకుండా ఇంజినీర్ అయ్యే దారి ఇది. అక్కడ నాలుగైదు మార్కులు చాలా విలువైనవి.

రెండోది ఎనిమిదో తరగతిలో రాసే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష, అందరూ ఎన్ఎంఎంఎస్ అంటారు. పథకం కేంద్రానిది, పరీక్ష పెట్టేది రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల విభాగం. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏటా 12,000 రూపాయలు. నాలుగేళ్లకు 48,000. ఆంధ్రప్రదేశ్ కోటా ఏడాదికి 4,087 స్కాలర్‌షిప్‌లు. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలే అర్హులు. గురుకులాల్లో ఉండి చదివేవారికి ఇది వర్తించదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీలకు 50 చాలు. పరీక్షలో అర్హత మార్కు మిగతావారికి 40 శాతం, ఎస్సీ ఎస్టీలకు 32 శాతం. వేలి మీద లెక్కపెట్టుకునే డబ్బుతో బతికే ఇంట్లో, పిల్ల తొమ్మిదిలో బడి మానాలా వద్దా అన్నది కొన్నిసార్లు ఈ 12,000 తేలుస్తుంది.

ఈ రెండు పరీక్షల స్వభావం ఒకటి కాదు. సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే ఇదే ముఖ్యమైన సంగతి.

టిక్కు పెట్టే పరీక్ష, రాసే పరీక్ష

ఎన్ఎంఎంఎస్‌లో మేధా సామర్థ్యానికి 90, పాఠ్యాంశాలకు 90, మొత్తం 180 ప్రశ్నలు. అన్నీ నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునేవే. పాఠ్యాంశాల్లో సైన్స్ 35, సోషల్ 35, లెక్కలు 20. నెగెటివ్ మార్కులు లేవు. ఇలాంటి పరీక్షకు క్విజ్ యాప్ బాగా సరిపోతుంది. ప్రశ్న రూపం ఒకటే, వెంటనే తప్పొప్పులు తెలుస్తాయి, ఎంతసేపు పట్టిందో తెలుస్తుంది. సంఖ్యల వరుసలు, పోలికలు, కోడింగ్ వంటి మేధా సామర్థ్య ప్రశ్నలను బడిలో ఏ పీరియడ్‌లోనూ విడిగా చెప్పరు. సాధన చేసిన పిల్లకూ చేయని పిల్లకూ తేడా అక్కడే వస్తుంది.

పదో తరగతి లెక్కల పేపర్ సంగతి చూడండి. 100 మార్కులకు 33 ప్రశ్నలు. ఒక మార్కు ప్రశ్నలు 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. బిట్ల వాటా 12 మార్కులే. మిగతా 88 మార్కులకు పెన్ను పట్టి మెట్టు మెట్టుగా రాయాలి. నాలుగు, ఎనిమిది మార్కుల ప్రశ్నలవే 72 మార్కులు. పటం గీయాలి, సూత్రం రాయాలి, జవాబు తప్పినా దారి సరైనదైతే వచ్చే మార్కులు రాబట్టుకోవాలి. తెరమీద జవాబును వేలితో నొక్కడం ఎంత సాధన చేసినా ఇది రాదు.

కాబట్టి ఎవరైనా "మా యాప్‌లో వేల బిట్లు ఉన్నాయి, పదో తరగతికి సిద్ధం చేస్తాం" అంటే, ఆ బిట్లు పేపర్లో ఎన్ని మార్కులకు పనికొస్తాయో లెక్క వేసుకోవాలి. పదో తరగతికి అసలైన సాధన పాత ప్రశ్నపత్రం, తెల్ల కాగితం, మూడుంపావు గంటల గడియారం, ఆ తర్వాత దిద్ది తప్పు ఎక్కడ జరిగిందో చెప్పే మనిషి.

మూడు రకాల సాఫ్ట్‌వేర్

బడికి వచ్చే సాఫ్ట్‌వేర్ ఏ పేరుతో వచ్చినా స్థూలంగా మూడు రకాలు.

ఒకటి, పాఠం చూపించేది. తరగతి సిలబస్ ప్రకారం వీడియోలు, బొమ్మలు. ట్యాబ్‌లలో మెమరీ కార్డు ద్వారా ఎక్కించిన బైజూస్ పాఠాలు ఈ కోవలోవి. ఇంటర్నెట్ లేకపోయినా నడవడం వాటిలో మంచి గుణం. పాఠ్యపుస్తకాల మీద ఉండే క్యూఆర్ కోడ్ ద్వారా తెరుచుకునే కేంద్ర ప్రభుత్వ దీక్ష వేదిక కూడా ఎక్కువగా ఈ రకమే. దానికి మాత్రం ఇంటర్నెట్ కావాలి.

రెండు, ప్రశ్నలు అడిగేది. బిట్ బ్యాంకులు, మాక్ టెస్టులు. ఎన్ఎంఎంఎస్‌కు ఎక్కువ, పదో తరగతికి తక్కువ పనికొచ్చేవి ఇవి.

మూడు, స్థాయిని బట్టి మారేది. ముందు ఒక చిన్న పరీక్ష పెట్టి, పిల్ల ఏ తరగతిలో ఉందనేది వదిలేసి, ఆమెకు ఎంతవరకు వచ్చో కనుక్కుంటుంది. అక్కడి నుంచి మొదలుపెడుతుంది. తప్పు చేస్తే ఒక మెట్టు కిందికి దింపుతుంది, ఒప్పయితే పైకి ఎక్కిస్తుంది. రాష్ట్రంలో కొన్ని ప్రభుత్వ బడుల్లో పర్సనలైజ్డ్ అడాప్టివ్ లెర్నింగ్ పేరుతో నడిచే ట్యాబ్ ల్యాబ్‌లు ఇలాంటివే. ఆ పేరును కుదించి పీఏఎల్ ల్యాబ్ అంటారు.

వెనకబడిన పిల్లకు ఏది

కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ అనే పరిశోధకులు ఢిల్లీలో ఈ మూడో రకం మీద అధ్యయనం చేసి 2019లో ప్రచురించారు. మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ వాడే సాయంత్రపు కేంద్రాల్లో సీట్లను లాటరీ పద్ధతిలో ఇచ్చారు. 619 మంది పిల్లలు. రోజుకు గంటన్నర, అందులో సగం సేపు కంప్యూటర్, మిగతా సగం సేపు ఒక సహాయకుడితో చిన్న బృందంలో చదువు. నాలుగున్నర నెలల్లోనే, సీటు రాని పిల్లలతో పోలిస్తే వీళ్లు లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టంగా ముందుకు వెళ్లారు. అందరికంటే వెనకబడిన పిల్లలు మామూలు బడిలో ఆ కాలంలో దాదాపు ఏమీ నేర్చుకోలేదు. కేంద్రానికి వచ్చిన అలాంటి పిల్లలు మాత్రం మిగతావారితో సమానంగా నేర్చుకున్నారు.

అయితే ఆ అధ్యయనం చెప్పిన ఇంకో రెండు సంగతులు మనకు ఎక్కువ ముఖ్యం. ఆ కేంద్రాలకు వచ్చిన ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు. తొమ్మిదికి వచ్చేసరికి ఆ వెనుకబాటు నాలుగున్నర తరగతులైంది. తొమ్మిదో తరగతి బెంచీ మీద కూర్చున్న పిల్లకు అయిదో తరగతి దగ్గర ఆగిన లెక్కలు. ఆమెకు త్రికోణమితి వీడియో ఎంత అందంగా చూపించినా భిన్నాల దగ్గర పడిన గొయ్యి పూడదు.

రెండో సంగతి, ఆ పిల్లలు అంత నేర్చుకున్నా బడిలో జరిగే తరగతి స్థాయి లెక్కల పరీక్షలో మార్కులు చెప్పుకోదగ్గంతగా మారలేదు. కారణం సులభం. సాఫ్ట్‌వేర్ వాళ్లకు నేర్పింది మూడు, నాలుగు, అయిదు తరగతుల లెక్కలు. పరీక్ష అడిగింది తొమ్మిది. రెండు మెట్లు ఎక్కిన పిల్లను, ఇంకా రెండు మెట్లు కిందే ఉన్నావని పరీక్ష సున్నా వేసి పంపింది.

ఇందులోంచి తేలేది ఒకటే. స్థాయిని బట్టి నేర్పే సాఫ్ట్‌వేర్ ఆరు, ఏడు తరగతుల్లో మొదలుపెడితే పదికి వచ్చేసరికి ఫలితం చూడగలం. పదో తరగతి డిసెంబర్‌లో, వంద రోజుల ప్రణాళికలో, ట్యాబ్ చేతికిస్తే ఆలస్యమైపోతుంది. తరగతి స్థాయి వీడియోలూ బిట్లూ ఇప్పటికే తరగతి స్థాయిలో ఉన్న పిల్లకు మెరుగు పెడతాయి. వెనకబడిన పిల్లను మరింత వెనక్కి నెడతాయి. తరతరాలుగా బడికి దూరంగా ఉంచబడిన ఇళ్లలో, కూలికి పోయే ఇళ్లలో, ఇంటి దగ్గర చెప్పే దిక్కు లేని ఇళ్లలో ఆ వెనకబాటు ఎక్కువ. అందుకే ఇది సాంకేతిక సమస్యగా కనిపించినా కులం ప్రశ్న.

ట్యాబ్ తరం పరీక్ష రాసింది

2022 డిసెంబర్‌లో ట్యాబ్ అందుకున్న ఎనిమిదో తరగతి పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి పరీక్ష రాశారు. రాష్ట్ర ఉత్తీర్ణత 81.14 శాతం. అంతకు ముందు ఏడాది, ఆ ట్యాబ్ పథకం అందని తరగతి పరీక్ష రాసినప్పుడు 86.69 శాతం. దీన్ని చూసి ట్యాబ్ వల్ల ఫలితం తగ్గిందని అనడం పొరపాటు. పాఠ్యపుస్తకాలు మారాయి, మాధ్యమం మారింది, పేపర్ కష్టసుఖాలు ఏటా మారతాయి. అదే విధంగా, ట్యాబ్ ఇస్తే ఉత్తీర్ణత పెరుగుతుందన్న మాటకు కూడా ఈ అంకెల్లో ఆధారం లేదు. దానికి విడిగా, నిజాయితీగా ఒక మదింపు జరగాలి.

పక్క జిల్లా సంగతి కూడా గమనించాలి. రాజాంకు ఆనుకునే ఉన్న పాలకొండ వైపు ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. కొండల్లో సిగ్నల్ కూడా సరిగా అందని ఊళ్లున్న ఆ జిల్లా 2023లో 87.47, 2024లో 96.37, 2025లో 93.90 శాతంతో మూడేళ్లు వరుసగా రాష్ట్రంలో మొదటి స్థానం తెచ్చుకుంది. అదే 2025లో మరో గిరిజన జిల్లా అల్లూరి సీతారామరాజు 47.64 శాతంతో చివరన నిలిచింది. ట్యాబ్‌లు రెండు జిల్లాలకూ వెళ్లాయి. తేడా ఎక్కడొచ్చిందో వెతకాల్సింది టీచర్లలో, హాస్టళ్లలో, సాయంత్రపు చదువులో, పర్యవేక్షణలో.

ఇంకో పాఠం ఉంది. ట్యాబ్ ఇచ్చేటప్పుడు ఈ పిల్లలు 2025 నాటికి సీబీఎస్ఈ పరీక్ష రాస్తారని చెప్పారు. వెయ్యి ప్రభుత్వ బడులకు ఆ అనుబంధం కూడా తెచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ బడుల పిల్లలు కూడా రాష్ట్ర బోర్డు పరీక్షే రాయాలని నిర్ణయించారు. అదే ఏడాది జూలై 16న, క్రికెట్ బోర్డుకు కట్టాల్సిన 158 కోట్ల బకాయి కేసులో, బెంగళూరు కంపెనీ లా ట్రిబ్యునల్ బైజూస్ మాతృసంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలుపెట్టింది. పరీక్షా మారింది, పాఠం తయారుచేసిన కంపెనీ కూడా కష్టాల్లో పడింది. మధ్యలో ఉన్నది పిల్ల. బడి తన సొంత పద్ధతిని వదిలి ఒక కంపెనీ మీద ఆధారపడితే నష్టం ఎవరి వాటాకు వస్తుందో దీన్నుంచి నేర్చుకోవాలి.

మనం అడగాల్సినవి

బడికి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు తల్లిదండ్రుల కమిటీలో ఈ ప్రశ్నలు అడగండి.

1. ఇది పిల్ల తరగతి నుంచి మొదలవుతుందా, పిల్ల స్థాయి నుంచా?

2. ఏ భాషలో ఉంది? 2020-21 నుంచి పాఠ్యపుస్తకాలు ఒక పక్క ఇంగ్లిష్, ఒక పక్క తెలుగులో ఇస్తున్నారు. సాఫ్ట్‌వేర్‌లో కూడా పిల్ల కావలసినప్పుడు తెలుగుకు మారగలదా?

3. వాడేటప్పుడు పక్కన ఎవరుంటారు? టైమ్‌టేబుల్‌లో దీనికి పీరియడ్ ఉందా, ఇంటికి వదిలేశారా?

4. తెర పగిలితే, బ్యాటరీ పోతే ఎవరు బాగుచేస్తారు? ఖర్చు తల్లిదండ్రుల మీద పడుతుందా?

5. పిల్లల మార్కుల సమాచారం ఎవరి దగ్గర ఉంటుంది? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో 9వ సెక్షన్ పిల్లల గురించే. విద్యా అవసరాలకు బడులకు నిబంధనల్లో కొన్ని మినహాయింపులున్నా, పిల్లలకు గురిపెట్టిన ప్రకటనలను ఆ చట్టం ఒప్పుకోదు.

సంఘాలు ఒక అడుగు ముందుకు వెయ్యాలి. మండల, జిల్లా విద్యాశాఖ కార్యాలయాల్లో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. ఎన్ని ట్యాబ్‌లు వచ్చాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, ఎన్ని మరమ్మతుకు వెళ్లాయి, ఈ ఖర్చులో 2013 నాటి ఎస్సీ ఉపప్రణాళిక చట్టం కింద నిధులేమైనా చూపించారా? ఎన్ఎంఎంఎస్‌కు మండలం నుంచి ఎంతమంది ఎస్సీ పిల్లలు దరఖాస్తు చేశారు, ఎంతమంది ఎంపికయ్యారు? 2025లో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది కాబట్టి రెల్లి, మాదిగ, మాల పిల్లల లెక్కలు విడివిడిగా అడగడం కూడా న్యాయమే. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాల వారికి ఈ దరఖాస్తుకు రుసుము లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

విద్యార్థులు చేయగలిగింది

ఇది చదువుతున్న కాలేజీ విద్యార్థులకు ఒక మాట. రాజాంలోనూ ఎచ్చెర్లలోనూ వందల మంది దళిత విద్యార్థులు డిగ్రీ, ఇంజినీరింగ్ చదువుతున్నారు. కాలనీ సామాజిక భవనంలోనో, అంబేడ్కర్ విగ్రహం పక్కన లైటు కిందనో వారానికి మూడు సాయంత్రాలు గంటన్నర కూర్చోగలిగితే చాలా మారుతుంది.

ముందు ప్రతి పిల్లకూ ఒక చిన్న పరీక్ష పెట్టండి. తెలుగులో ఒక పేరా చదివించండి, ఒక భాగహారం, ఒక భిన్నాల కూడిక చేయించండి. ఎవరు ఎక్కడ ఆగారో పది నిమిషాల్లో తెలుస్తుంది. తరగతి చూడకుండా, ఆగిన చోటును బట్టి మూడు బృందాలు చెయ్యండి. బడిలో పనిచేసే ట్యాబ్‌లుంటే వాటిని కింది రెండు బృందాలకు అడగండి. ఢిల్లీలో జరిగినట్టు సగం సేపు తెర, సగం సేపు మనిషి. ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్ఎంఎంఎస్ దరఖాస్తు గడువు గుర్తుచేయండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే తీయించండి, బిట్లు ఫోన్‌లోనే చేయించండి. పదో తరగతి పిల్లల దగ్గర మాత్రం ఫోన్ పక్కన పెట్టించి పాత పేపర్ రాయించండి. దిద్ది, మార్కు వేసి, తప్పిన మెట్టు చూపించండి.

ముప్ఫై అయిదు మార్కులతో పాసైన పిల్లను చూసి వ్యవస్థ తన పని అయిపోయిందనుకుంటుంది. ఎచ్చెర్ల గేటు దాటాలంటే ఆ మార్కు చాలదు. పరీక్ష ఆమెను ఏ మెట్టు దగ్గర ఆపుతుందో ముందుగా తెలుసుకుని, ఆ మెట్టు దగ్గర చెయ్యి అందించే మనిషి ఉండాలి. ట్యాబ్ ఆ మనిషికి పనిముట్టు అయితే మంచిదే. ఆ మనిషిని నియమించకుండా ట్యాబ్ ఇచ్చి చేతులు దులుపుకుంటే మాత్రం, టీచర్ పోస్టు ఎందుకు ఖాళీగా ఉందని అడగాల్సిన వాళ్లం మనమే.